లష్కర్: లెక్కలోకి రాని ఇంటివాళ్లు

మా కురవి పక్క పెద్దవాళ్లు సికింద్రాబాద్‌ని లష్కర్ అనే అంటారు. మానుకోటలో రైలెక్కుతూ "లష్కర్ పోతున్న" అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. లష్కర్ అంటే దండు. మనం మాత్రం బోనాలప్పుడు తప్ప ఆ మాట వాడం.

ఈ దండు చరిత్ర తిరగేస్తుంటే నాకు మన కెపాసిటీ ప్లానింగ్ మీటింగులే గుర్తొచ్చాయి. సర్వర్లు ఎన్ని కావాలంటే యూజర్లు ఇంతమంది అని ఓ సంఖ్య చెప్పేస్తారు. ఒక్కో యూజరు వెనకాల ఎంత లోడు వస్తుందో ఎవరూ చెప్పరు. కంటోన్మెంటు కట్టినవాళ్లూ అచ్చం ఇదే చేశారు. సిపాయిల తలలు లెక్కపెట్టారు, వాళ్ల పెళ్లాం పిల్లల్ని వదిలేశారు. నన్నడిగితే పాత సికింద్రాబాద్‌లో చాలా భాగం ఆ లెక్కలో రానివాళ్లు కట్టుకున్న ఊరే.

సరే, విషయానికొద్దాం. 1798లో నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. ఖర్చు ఆయనది, సైన్యం వాళ్లది. ఆ దండు హుస్సేన్ సాగర్‌కి ఉత్తరాన దిగింది. 1806లో ఆ చోటికి అప్పటి నిజాం సికందర్ జా పేరు పెట్టారు. ఇంతవరకూ స్కూల్లో చదువుకున్నదే. అయితే ఆ వచ్చిన పటాలాలు మద్రాసు సైన్యానివి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

బెంగాల్ సిపాయి భార్యాపిల్లల్ని ఊళ్లో వదిలి కొలువుకి పోయేవాడు, సెలవు దొరికితే ఇంటికెళ్లి చూసొచ్చేవాడు. మద్రాసు సిపాయి అలా కాదు. పటాలం ఎక్కడికి కదిలితే కుటుంబం అక్కడికి. భార్య, పిల్లలు, ముసలి తల్లి, ఒక్కోసారి బావమరిది కూడా. వీళ్లలో తెలుగువాళ్లు బాగానే ఉండేవారు. ఉత్తరాదిలో కంపెనీ సిపాయిని ఎవడైనా సరే "తిలంగా" అనేవారంటే ఆలోచించండి. వెయ్యిమంది పటాలానికి మనిషికి నలుగురేసి వేసుకున్నా నాలుగు వేలమంది. అలాంటి పటాలాలు నాలుగైదు ఒకచోట దిగితే అది శిబిరం కాదు, ఊరు.

ఆ ఊరికి ఇళ్లెవరు కట్టించారు? ఎవరూ కట్టించలేదు. సిపాయికి గుడిసె వేసుకోడానికి కొంత డబ్బు చేతిలో పెట్టేవారు, "లైన్ల"లో ఇంత జాగా చూపించేవారు, అంతే. మట్టిగోడ, పైన గడ్డి. పటాలం బదిలీ అయితే ఆ గుడిసెని వచ్చినకాడికి అమ్ముకుని మళ్లీ ఇంకోచోట మొదలు. నెలకి ఏడు రూపాయల జీతగాడికి ఇది చిన్న దెబ్బ కాదు.

తెల్ల సిపాయిలకి మాత్రం బారక్‌లు కట్టారు. అక్కడ లెక్క ఇంకా విచిత్రం. ఇండియాకొచ్చే పటాలంలో నూటికి పన్నెండుమంది భార్యల్ని మాత్రమే అధికారికంగా వెంట రానిచ్చేవారు. వీళ్లకే రేషనూ నీడా. మిగతా 88 మంది సంగతి? దానికి సమాధానం 1864 కంటోన్మెంట్ చట్టంలో దొరుకుతుంది. బజార్లో ఆడవాళ్లని రిజిస్టర్లకెక్కించడం, వాళ్లని బలవంతంగా ఉంచే ఆసుపత్రులు నడపడం అందులోంచే వచ్చాయి. ఇళ్ల లెక్క తప్పితే బిల్లు కట్టింది వాళ్లన్నమాట. ఇక బారక్‌ల పరిస్థితి ఎలా ఉండేదంటే, ఇండియాలో తెల్ల సిపాయిలు ఏటా వెయ్యికి 69 మంది చొప్పున చచ్చిపోతున్నారని 1863లో రాయల్ కమిషన్ తేల్చింది. అందులో ఎక్కువమంది పోయింది యుద్ధంలో కాదు, రోగాలతో. మనిషికి ఇంత చోటు, ఇంత గాలి ఉండాలన్న కొలతలు ఆ తర్వాతే గట్టిగా పట్టుకున్నారు. తెల్లవాళ్ల బారక్‌లకే లెండి.

దండుని నమ్ముకుని వచ్చినవాళ్లు మరో లోకం. సరుకులు అందించడానికి అరవ మొదలియార్లు వచ్చారు, పార్సీలు వచ్చారు. రెజిమెంటల్ బజార్, జనరల్ బజార్ అన్న పేర్లు అలా పుట్టినవే. లష్కర్ బోనాలు జరిగే ఉజ్జయిని మహంకాళి గుడి కథ అందరికీ తెలిసిందే. పెట్టింది ఏ జనరలూ కాదు, మిలిటరీలో డోలీ మోసే సురిటి అప్పయ్య. 1813లో ఉజ్జయినికి బదిలీ అయ్యాడనీ, కలరా రోజుల్లో మొక్కుకుని 1815లో తిరిగొచ్చి అమ్మవారిని నిలబెట్టాడనీ చెప్తారు. జీతం దండుది, మొక్కు మాత్రం ఇక్కడ వదిలెళ్లిన జనం కోసం.

కుటుంబాన్ని లెక్కలో వేసుకోకపోతే ఏమవుతుందో దొరలకి తెలియక కాదు. సముద్రం దాటి వెళ్లే మద్రాసు సిపాయి జీతంలో కొంత ఇంటిదగ్గర భార్య తీసుకునేలా కాగితం రాసిచ్చేవారు. 1844లో 47వ మద్రాసు పటాలాన్ని మౌల్మేన్ పంపుతామన్నారు. ఆ బత్తా చూసుకుని సిపాయిలు ఇళ్లకి డబ్బు రాసిచ్చేశారు. తర్వాత దారి మళ్లించి సింధు వైపు బొంబాయికి తీసుకెళ్లి, బత్తా తక్కువన్నారు. పటాలం ఎదురుతిరిగింది. చరిత్ర పుస్తకాల్లో దీన్ని బత్తా గొడవ అంటారు. నాకైతే ఇది ఇంటద్దె గొడవలా కనిపిస్తుంది.

స్వాతంత్ర్యం తర్వాత భాష మారింది. సిపాయి జవానయ్యాడు, లైన్లు క్వార్టర్లయ్యాయి. చిక్కు మాత్రం అదే. జవాను సరిహద్దుకి వెళ్తే కుటుంబం వెళ్లలేదు. పిల్లల బడి, మిలిటరీ ఆసుపత్రి, కాంటీన్ ఎక్కడుంటే వాళ్లక్కడే అద్దెకుంటారు. పైగా సైన్యంలో రిటైర్మెంటు తొందరగా వస్తుంది. నలభైకి అటూఇటూగా బయటికొచ్చిన మనిషికి పిల్లలింకా స్కూల్లోనే ఉంటారు. ఆయన సొంతూరు వెళ్తాడా, ఆసుపత్రి పక్కనే ఇల్లు చూసుకుంటాడా? సైనిక్‌పురి, వాయుపురి పేర్లే జవాబు. 1978లో ఆర్మీ వెల్ఫేర్ హౌసింగ్ ఆర్గనైజేషన్ పెట్టి, మిలిటరీవాళ్లు తమ డబ్బుతో ఇల్లు కొనుక్కునే దారి చూపించారు. కాపురముండే క్వార్టర్ల కొరత తీర్చడానికి దేశమంతా సుమారు 2 లక్షల ఇళ్లు కట్టాలని ప్రాజెక్టు మొదలెట్టింది 2002లో. 1806 నుంచి లెక్కేసుకుంటే 196 ఏళ్లకి! మన ప్రాజెక్టులే నయం.

ఈలోపు దండు చుట్టూ ఊరు అల్లుకుపోయింది. 1945లో సికింద్రాబాద్ బజార్ల భాగాన్ని నిజాంకి తిరిగిచ్చేశారు, 1960లో అది హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిసింది. కంటోన్మెంటులో మిగిలిన భాగంలోనే 2011 జనగణన నాటికి రెండు లక్షలకి పైగా జనం. అక్కడి భూమికి 1937 నాటి నిబంధనల ప్రకారం ఏ1, ఏ2, బీ1, బీ2, బీ3, బీ4, సీ అని తరగతులు. ఇల్లు నీదైనా నేల నీది కాని బంగళాలు బీ3. ఇది అర్థమవ్వాలంటే లీగసీ కోడ్ చదివిన అనుభవం ఉండాలి.

యాప్రాల్, అల్వాల్ వైపు ఫ్లాట్లు కొన్న మనవాళ్లు చాలామందికి కంటోన్మెంటంటే గేట్లు వేసేసే రోడ్లు, అంతే. నిజమే, ఆఫీసుకి లేటవుతుంటే చిరాకే. 2018లో రక్షణశాఖ ఆ రోడ్లు తెరవమంది, 2024లో ప్యారడైజ్ నుంచి ఎలివేటెడ్ కారిడార్లకి రక్షణ భూమి ఇస్తామంది. మంచిదే. కానీ ఆ గేటు ఇవతల, మన అపార్ట్‌మెంట్లలోనే, భర్త సరిహద్దులో ఉండగా ఇద్దరు పిల్లల్తో అద్దెకున్న ఇల్లాళ్లు ఉంటారు. వేసవిలో బదిలీల సీజను రాగానే ఓనర్లు అద్దె పెంచేది ముందు వాళ్లకే.