జలమే తాళపుచెవి

వనమధ్యంలో ఒక వృక్షానికి నిలువుగా బిగించిన గొట్టం. అడుగు మూసి ఉంటుంది. పైభాగం తెరచి ఉంటుంది. దాని గర్భంలో, చేయి అందని లోతున, ఒక చిన్న డబ్బా. గొట్టాన్ని విరువరాదు, బోర్లించే వీలు లేదు. అన్వేషకుడు నీటిని తెచ్చి అందులో పోస్తే డబ్బా తానే పైకి తేలి వస్తుంది. జియోకాచింగ్ అనే నిధ్యన్వేషణ క్రీడలో ప్రసిద్ధమైన ఈ గోపనవిధానానికి మూలం క్రీ.పూ. 3వ శతాబ్దంలో సిసిలీ ద్వీపంలోని సిరక్యూజు నగరంలో జీవించిన ఆర్కిమెడిస్ కనుగొన్న ప్లవన సూత్రం.

క్రీడ మాత్రం నిన్నమొన్నటిది. ఉపగ్రహ సంకేతాలలో అమెరికా ప్రభుత్వం బుద్ధిపూర్వకంగా కలుపుతూ వచ్చిన దోషాన్ని 2000 మే ఆరంభంలో తొలగించగా, సామాన్యుల చేతి జీపీఎస్ యంత్రానికి సైతం సూక్ష్మమైన స్థాననిర్దేశం సాధ్యమైంది. మే 3న డేవ్ ఉల్మర్ అనే వ్యక్తి ఆరెగాన్ రాష్ట్రంలో ఒక బకెట్టును దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను అంతర్జాలంలో ప్రకటించారు. కనుగొన్నవారు లోపలి పుస్తకంలో పేరు వ్రాయాలి. ఏదైనా తీసుకుంటే మరొకటి ఉంచాలి. నిధి నామమాత్రం, అన్వేషణయే ఫలం.

ద్రవంలో మునిగిన వస్తువు ఎంత ద్రవాన్ని తొలగిస్తుందో, ఆ ద్రవభారానికి సమానమైన బలం దానిని పైకి నెట్టుతుంది. 60 గ్రాముల బరువు, 100 మిల్లీలీటర్ల ఘనపరిమాణం గల డబ్బా 60 మిల్లీలీటర్ల నీటిని తొలగించగానే సమతుల్యం పొందుతుంది. తక్కిన భాగం నీటిపై నిలుస్తుంది. 5 సెంటీమీటర్ల వ్యాసం, 60 సెంటీమీటర్ల లోతు గల గొట్టానికి సుమారు ఒక లీటరు నీరు చాలు. దాహానికి తెచ్చుకున్న సీసాను దారిలోనే ఖాళీ చేసినవారు వెనుదిరగవలసిందే! కొందరు నిర్మాతలు గొట్టం అడుగున సూక్ష్మరంధ్రం విడుస్తారు. నీరు మెల్లగా జారిపోయి, డబ్బా తిరిగి అడుగుకు చేరి, తరువాతి అన్వేషకునికై వేచి ఉంటుంది.

ఆర్కిమెడిస్ పేరు వినగానే లోకానికి స్మరణకు వచ్చేది హియెరో రాజు స్వర్ణకిరీట గాథ. దానిని వ్రాసినవాడు సుమారు రెండు శతాబ్దాల అనంతరం వచ్చిన రోమను వాస్తుశిల్పి విట్రూవియస్. లభ్యమైన ఆర్కిమెడిస్ రచనలలో అది కానరాదు. గాథ రమ్యమే, కాని ఈ గొట్టం ఋణపడినది ఆయన ‘తేలియాడు వస్తువులు’ అనే శాస్త్రగ్రంథానికి.

విచిత్రమేమంటే, ఆ గ్రంథానికీ అజ్ఞాతవాసం తప్పలేదు. 1269లో మోర్బెకేకు చెందిన విలియం చేసిన లాటిన్ అనువాదమే శతాబ్దాలపాటు ఆధారం. గ్రీకు మూలం గల 10వ శతాబ్దపు చర్మపత్ర ప్రతిని 1229లో ఎవరో గీకివేసి, ఆ పత్రాలపైనే ప్రార్థనలు లిఖించారు. ప్రార్థనాక్షరాల క్రింద మసకబారిన గణితాన్ని 1906లో డేనిష్ పండితుడు హైబర్గ్ కాన్‌స్టాంటినోపుల్‌లో గుర్తించాడు. ఆపై ప్రతి మళ్లీ అదృశ్యమై, 1998లో న్యూయార్క్ వేలంలో 20 లక్షల డాలర్లకు అమ్ముడైంది. అనంతరం ప్రత్యేక కిరణాల సహాయంతో అడుగు అక్షరాలు చదవబడ్డాయి.

సమాధి సంగతి మరింత శోచనీయం. క్రీ.పూ. 212లో రోమను సైనికుని చేతిలో ఆర్కిమెడిస్ మరణించాడు. క్రీ.పూ. 75లో సిసిలీలో కోశాధికారిగా ఉన్న సిసెరో ఆ సమాధిని గురించి విచారిస్తే, అటువంటిది లేనేలేదని సిరక్యూజు పౌరులే పలికారు. స్తంభంపై గోళమూ, స్తూపాకృతీ ఉంటాయని ఆయన ఎరిగి ఉన్నాడు. ముళ్లపొదల మీదుగా తొంగిచూస్తున్న ఒక చిన్న స్తంభంపై ఆ చిహ్నాలు ఆయన కంటబడ్డాయి. కొడవళ్లతో మనుషులను పంపి త్రోవ తీయించాడు. పద్యం చెక్కి ఉంది. పాదాల చివరి భాగాలు అరిగిపోయాయి. ఆ స్థలం తిరిగి మరుగునపడింది.