దూరదర్శన్ విస్తరణ: విశాఖపట్నం అనుభవం

లక్ష్యాలు
ఈ భాగం చదివిన తరువాత మీరు:
- దూరదర్శన్ విస్తరణలోని ముఖ్య దశలను వివరించగలుగుతారు.
- పునఃప్రసార కేంద్రానికీ, కార్యక్రమ నిర్మాణ కేంద్రానికీ గల భేదాన్ని చెప్పగలుగుతారు.

1. పరిచయం
విశాఖపట్నంలో దూరదర్శన్ ప్రసార కేంద్రాన్ని కైలాసగిరి కొండమీద నెలకొల్పారు. కొండమీదనే ఎందుకు? టెలివిజన్ తరంగాలు దాదాపు సరళరేఖలో ప్రయాణిస్తాయి. యాంటెన్నా ఎంత ఎత్తున ఉంటే అవి అంత దూరం చేరతాయి. అప్పట్లో ఇంటి కప్పుపై యాంటెన్నా, ఇంట్లో టీవీ ఉంటే సరిపోయేది, నెలనెలా చందా కట్టనవసరం ఉండేది కాదు. దీనినే ఉచిత ప్రసారం అంటారు. అయితే ప్రసారం మన ఇంటికి అందడం, మన మాట ప్రసారంలో వినబడడం ఒకటేనా? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకొని ముందుకు చదవండి.

2. ఆవిర్భావం
మన దేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలైంది. 1976 ఏప్రిల్ 1న ఆకాశవాణి నుండి విడిపోయి దూరదర్శన్ ప్రత్యేక సంస్థ అయింది. 1975-76లో అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు వ్యవసాయం, ఆరోగ్యం, విద్య గురించిన కార్యక్రమాలు ప్రసారం చేశారు. 'సైట్' అనే ఈ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1977లో హైదరాబాదు కేంద్రం ప్రారంభమైంది.

అప్పటికి విశాఖపట్నానికి 1933 నాటి ఓడరేవు ఉంది, 1963 నుండి ఆకాశవాణి కేంద్రం ఉంది, 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన కూడా జరిగింది. టెలివిజన్ మాత్రం ఇంకా రాలేదు. హైదరాబాదు నుండి నేలమీది తరంగాలు ఇంత దూరం చేరవు.

3. విస్తరణ
ఈ అడ్డంకిని తొలగించింది ఉపగ్రహమే. 1982లో ఆసియా క్రీడల సంవత్సరాన రంగుల ప్రసారం, జాతీయ కార్యక్రమం మొదలయ్యాయి. 1983లో ఇన్సాట్-1బి కక్ష్యలోకి చేరింది. ఉపగ్రహం నుండి సంకేతాన్ని అందుకొని చుట్టుపక్కలకు పంపే పునఃప్రసార కేంద్రాలు దేశమంతటా వెలిశాయి.

వీటిలో స్టూడియో ఉండదు, పైనుండి వచ్చినదాన్ని పంచడమే వాటి పని. తొలి రోజుల్లో వాటిలో చాలావరకు ఢిల్లీ కార్యక్రమాలనే అందించేవి. ఉక్కునగరానికి పలు రాష్ట్రాల నుండి వచ్చిన ఉద్యోగులకు హిందీ వార్తలు ఉపయోగపడవచ్చు. కాని జాలరిపేట మత్స్యకారునికి కావలసింది తుపాను హెచ్చరిక, అదీ తన భాషలో. ప్రసారం అందినంత మాత్రాన అవసరం తీరదని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

1984లో యు.జి.సి. దేశవ్యాప్త తరగతి గది కార్యక్రమం దూరదర్శన్‌లో మొదలైంది. మీవంటి దూరవిద్యార్థులు గుర్తుంచుకోదగిన ఘట్టమిది.

4. పోటీ, మార్పు
ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ ఏడాదే జెమిని, ఈటీవీ తెలుగులో ప్రవేశించాయి. 1997లో దూరదర్శన్ స్వయంప్రతిపత్తి గల ప్రసార భారతి కిందికి వచ్చింది. 2004లో ఉచిత డిష్ సేవ ఆరంభమైంది. తూర్పు కనుమలు అడ్డుగా ఉన్న మన్యం గ్రామాలకు నేలమీది ప్రసారం చేరడం కష్టం, ఆకాశం వైపు తిరిగిన డిష్‌కు ఆ అడ్డు తక్కువ. డిష్, పెట్టె కొనే ఖర్చు ఒక్కసారిదే.

రాష్ట్ర విభజన తరువాత, 2014 సెప్టెంబరులో విజయవాడ కేంద్రంగా సప్తగిరి ఛానల్ మొదలైంది. తెలుగు కార్యక్రమాల కేంద్రం హైదరాబాదు నుండి దగ్గరికి వచ్చిందే గాని, ఉత్తరాంధ్ర యాస, మన్యం భాషలు అందులో ఎంతవరకు వినబడతాయన్న ప్రశ్న మిగిలే ఉంది.

5. సారాంశం
ఉచిత ప్రసారం నిజానికి ఖర్చులేనిది కాదు. ఆ ఖర్చును ప్రజాధనం, ప్రకటనలు భరిస్తాయి. కాబట్టి అందులో తమ భాషకు, అవసరాలకు చోటు అడిగే హక్కు ప్రజలకు ఉంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. పునఃప్రసార కేంద్రం అంటే ఏమిటి?
2. మీ ఇంట్లోని పెద్దలు మొదటిసారి టీవీ ఎక్కడ, ఏ భాషలో చూశారో అడిగి పది వాక్యాలు రాయండి.