పలు ప్రాసెసర్లు, ఒకే లెక్క

ఇవాళ మన జేబులోని స్మార్ట్‌ఫోన్లలో చాలావాటిలో ఎనిమిది ప్రాసెసర్ కోర్లు ఉంటాయి. అవన్నీ ఒకే మెమరీని పంచుకుంటూ, ఒకదాని లెక్కను ఇంకొకటి చెడగొట్టకుండా పనిచేస్తాయి. ఈ విద్య పేరు మల్టీప్రాసెసర్ ఆర్కిటెక్చర్. 1990లలో నేను ఎం.టెక్. చదివేటప్పుడు ఇది ఒక ఎలక్టివ్. తీసుకున్నది కొద్దిమందిమే. దానికి భవిష్యత్తు లేదని చెప్పినవాళ్లు మాత్రం చాలామంది. ఆ సబ్జెక్టు నడిచిన దారి మన బడిలో చదువుతున్న పిల్లలకూ, వాళ్లకు పాఠాలు చెబుతున్న గురువులకూ పనికొస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఒక కంప్యూటర్‌లో ఒకటికి మించి ప్రాసెసర్లు పెట్టాలన్న ఆలోచన పాతదే. 1962 నాటి బరోస్ డి825 యంత్రంలో నాలుగు ప్రాసెసర్ల వరకు పెట్టుకునే వీలుండేది. 1967లో జీన్ ఆమ్డాల్ ఒక హెచ్చరిక చేశాడు. దాన్ని మన పెళ్లి వంటతో చెప్పుకోవచ్చు. కూరలు తరగడానికి పదిమందిని పెడితే పని త్వరగా అవుతుంది. అన్నం ఉడకడానికి పట్టే సమయం మాత్రం ఎంతమంది ఉన్నా తగ్గదు. పది గంటల పనిలో ఒక గంట విడదీయలేనిదైతే, వెయ్యి ప్రాసెసర్లు పెట్టినా వేగం పది రెట్లు దాటదు. పీజీ తరగతిలో మేము నేర్చుకున్న మొదటి పాఠాల్లో ఇది ఒకటి.

1970లలో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో సి.ఎంఎంపి అనే యంత్రాన్ని కట్టారు. 16 పీడీపీ-11 మినీ కంప్యూటర్లను ఒక పెద్ద స్విచ్ ద్వారా ఉమ్మడి మెమరీకి కలిపారు. అదే విశ్వవిద్యాలయంలో ఆ రోజుల్లోనే మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు, మనిషి మాటను కంప్యూటర్‌కు అర్థమయ్యేలా చేసే పరిశోధన సాగిస్తున్నారు. 1994లో ఆయన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. మాటను గుర్తించడం వంటి పనులకు అప్పటి ఒంటరి యంత్రాల బలం చాలేది కాదు.

అసలు చిక్కు కాష్ దగ్గర వచ్చింది. ప్రతి ప్రాసెసర్ తనకు తరచుగా కావలసిన సమాచారాన్ని పక్కనే చిన్న మెమరీలో నకలు పెట్టుకుంటుంది. బడి ఆఫీసులో మార్కుల రిజిస్టరు ఒకటే ఉందనుకోండి. నలుగురు మాస్టార్లు అందులోంచి తలా ఒక నకలు రాసుకున్నారు. ఒకరు తన ప్రతిలో ఒక మార్కు దిద్దితే, మిగిలిన మూడు ప్రతులూ తప్పే. ఆ సంగతి వాళ్లకు తెలిసేదెలా?

రెండు దారులు దొరికాయి. మొదటిది, ప్రార్థన సమయంలో మైకులో చెప్పినట్టు మార్పును అందరికీ వినిపించడం. 1983లో జేమ్స్ గుడ్‌మన్, 1984లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో మార్క్ పాపమార్కోస్, జనక్ పటేల్ ప్రతిపాదించిన పద్ధతులు ఈ కోవలోవి. ప్రాసెసర్లు పెరిగేకొద్దీ ఈ మైకు దగ్గర రద్దీ పెరుగుతుంది. రెండోది, ఎవరి దగ్గర నకలు ఉందో ఆఫీసులో జాబితా ఉంచుకుని, వాళ్లకు మాత్రమే కబురు పంపడం. దీన్ని 1978లోనే సెన్సియర్, ఫోత్రియే వివరించారు. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ హెన్నెసీ, అనూప్ గుప్తా బృందం 1990ల మొదట్లో డాష్ అనే యంత్రంలో దీన్ని పెద్ద ఎత్తున చేసి చూపించింది.

ఇంకొక ప్రశ్న మిగిలింది. నలుగురు ఒకేసారి రాస్తుంటే, ఏది ముందు, ఏది వెనక? లెస్లీ లామ్‌పోర్ట్ 1979లో రాసిన రెండు పేజీల వ్యాసం దీనికి జవాబు. పనులన్నీ ఏదో ఒక వరుసలో ఒకదాని తర్వాత ఒకటి జరిగినట్టు ఫలితం ఉండాలి. ఆ వరుసలో ఏ ప్రాసెసర్ సొంత క్రమమూ తారుమారు కాకూడదు. మేము జిరాక్స్ ప్రతి తెచ్చుకుని చదివిన ఆ రెండు పేజీలు అర్థం కావడానికి వారాలు పట్టింది.

మన దేశంలో 1988లో సీ-డాక్ ఏర్పడి, 1991లో ట్రాన్స్‌ప్యూటర్ చిప్‌లతో పరమ్ 8000 తయారు చేసింది. అందులో మెమరీ ఉమ్మడి కాదు. ప్రాసెసర్లు ఒకదానికొకటి సందేశాలు పంపుకుంటాయి. హైదరాబాద్‌లో డీఆర్‌డీవో వారి అనురాగ్ సంస్థ విమాన నిర్మాణానికి కావలసిన గాలి ప్రవాహాల లెక్కల కోసం పేస్ అనే సమాంతర కంప్యూటర్‌ను నిర్మించింది.

అదే సమయంలో బయట గాలి ఎదురు తిరిగింది. 1994లో అమెరికాలో పేరున్న సమాంతర కంప్యూటర్ల కంపెనీ థింకింగ్ మెషీన్స్ దివాలా రక్షణ కోరింది. మరోపక్క 1993లో 66 మెగాహెర్ట్జ్ దగ్గర ఉన్న పెంటియం వేగం, 2002 చివరికి పెంటియం 4లో 3 గిగాహెర్ట్జ్ దాటింది. ఒక్క ప్రాసెసరే ఇంత పరుగెడుతుంటే పలు ప్రాసెసర్ల తలనొప్పి ఎందుకన్న వాదన న్యాయంగానే కనిపించింది.

ఆ పరుగును ఆపింది వేడి. ట్రాన్సిస్టర్లు చిన్నవవుతున్నా వోల్టేజీ అదే దామాషాలో తగ్గడం మానేసింది. వేగం పెంచితే చిప్ భరించలేనంత వేడెక్కుతుంది. 2004లో ఇంటెల్ తన తర్వాతి వేగవంతమైన ప్రాసెసర్ టెజాస్‌ను మధ్యలోనే రద్దు చేసుకుంది. 2005లో ఇంటెల్, ఏఎమ్‌డీ రెండూ మామూలు పీసీలకు రెండు కోర్ల చిప్‌లు తెచ్చాయి. 1984 నాటి ఇలినాయ్ పద్ధతీ, దాని సంతతీ సామాన్యుడి బల్ల మీదికి చేరాయి.

ఈ పని చేసినవాళ్లెవరూ మార్కెట్ చూసి సబ్జెక్టు ఎంచుకోలేదు. నలుగురి దగ్గరున్న నకళ్లు ఒకే మాట చెప్పాలంటే ఏం చేయాలి అన్న ప్రశ్న తెగలేదు కాబట్టి దాన్ని పట్టుకున్నారు. కంపెనీలు వచ్చాయి, పోయాయి. ప్రశ్న నిలిచింది, దాని జవాబూ నిలిచింది. ఉద్యోగంలో నేను వాడిన యంత్రాలు చాలాసార్లు మారాయి గానీ, ఆ తరగతిలో నేర్చిన లెక్క మారలేదు.

మన బడి పిల్లలకు చెప్పవలసిన పని కూడా ఇంకా మిగిలే ఉంది. ఎనిమిది కోర్లున్నా, ప్రోగ్రాం ఒక్కదాని మీదే నడిస్తే మిగతా ఏడూ ఖాళీగా కూర్చుంటాయి. ఆమ్డాల్ చెప్పిన అన్నం ఇంకా తన సమయం తాను తీసుకునే ఉడుకుతోంది. దాన్ని తగ్గించే కొత్త వంట పద్ధతి కనిపెట్టేవాళ్లు మన తొమ్మిదో తరగతిలో ఇప్పుడు లెక్కలు చేసుకుంటూ ఉండవచ్చు. వాళ్లు అడిగే ప్రశ్న పరీక్షలో రాదని పక్కన పెట్టవద్దని గురువులకు ఒక పూర్వ విద్యార్థి విన్నపం.