సి.ఆర్. రావు: పరిశోధన ప్రచురణలు, ఉల్లేఖనల ప్రభావం

కల్యంపూడి రాధాకృష్ణారావు (1920 సెప్టెంబరు 10 – 2023 ఆగస్టు 22) ఆధునిక గణాంకశాస్త్రానికి పునాదులు వేసినవారిలో ఒకరైన తెలుగు శాస్త్రవేత్త. సి.ఆర్. రావుగా ప్రపంచ ప్రసిద్ధులు. 400కు పైగా పరిశోధన వ్యాసాలు, 14 పుస్తకాలు ప్రచురించారు. ఆయన కనుగొన్న ఫలితాలు రాడార్ సాంకేతికత, ఆర్థికశాస్త్రం, జీవావరణశాస్త్రం, పరిశ్రమల నాణ్యతా నియంత్రణ వంటి రంగాల్లో నిత్య వాడుకలో ఉన్నాయి. వీటిలో చాలావాటిని మూల వ్యాసాన్ని ఉదహరించకుండానే వాడుతున్నారు. అందుచేత ఉల్లేఖనల (సైటేషన్ల) లెక్క ఆయన ప్రభావాన్ని ఉన్నదానికంటే తక్కువగా చూపుతుంది.

నేపథ్యం

నేటి కర్ణాటకలోని హడగళిలో తెలుగు కుటుంబంలో జన్మించారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదువు సాగింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితంలోనూ, 1943లో కలకత్తా విశ్వవిద్యాలయంలో గణాంకశాస్త్రంలోనూ ఎం.ఎ. పట్టాలు పొందారు. పి.సి. మహలనోబిస్ స్థాపించిన భారతీయ గణాంక సంస్థలో 1941లో అడుగుపెట్టి, సుమారు నాలుగు దశాబ్దాలు అక్కడే పనిచేశారు. 1948లో కేంబ్రిడ్జిలో ఆర్.ఎ. ఫిషర్ పర్యవేక్షణలో డాక్టరేట్ పొందారు. తర్వాతి కాలంలో అమెరికాలోని పిట్స్‌బర్గ్, పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయాల్లో ఆచార్యులుగా ఉన్నారు.

1945 నాటి వ్యాసం

రావు ప్రచురణల్లో అత్యంత ప్రభావశీలమైనది కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో వెలువడిన పదకొండు పుటల వ్యాసం. అప్పటికి ఆయనకు పాతికేళ్లు. దాని పుట్టుక తరగతి గదిలో జరిగింది. పెద్ద నమూనాల విషయంలో ఫిషర్ చూపిన ఒక ఫలితాన్ని రావు బోధిస్తుండగా, పరిమిత నమూనాలకూ అలాంటిది ఉందా అని వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి అడిగారు. దండేకర్ తర్వాత పేరొందిన ఆర్థికవేత్త అయ్యారు. రావు ఆ రాత్రే కూర్చుని నిరూపణ సాధించారు.

ఆ వ్యాసం నుంచి మూడు పాయలు బయల్దేరాయి. మొదటిది క్రామర్–రావు హద్దు: కొన్ని సాధారణ షరతులకు లోబడి, ఏ నిష్పాక్షిక అంచనా విస్తృతీ ఫిషర్ సమాచారపు (తెలియని రాశి గురించి దత్తాంశం ఎంత చెబుతుందో కొలిచే సంఖ్య) వ్యుత్క్రమం కంటే తక్కువ కాలేదు. స్వీడన్ గణితవేత్త హెరాల్డ్ క్రామర్ 1946లో స్వతంత్రంగా ఇదే ఫలితాన్ని ఇచ్చారు. రెండవది రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం: ముతక అంచనాను మెరుగుపరచే మార్గం. మూడవది సంభావ్యతా విభాజనాల మధ్య దూరాన్ని కొలిచే ఆలోచన. సమాచార జ్యామితి అనే శాఖకు ఇదే బీజం.

రంగాలవారీ ప్రభావం

ఇంజనీరింగ్: రాడార్‌తో విమానం దూరాన్ని, వేగాన్ని ఎంత కచ్చితంగా చెప్పవచ్చో అంచనా వేసేటప్పుడు ఇంజనీర్లు క్రామర్–రావు హద్దునే గీటురాయిగా తీసుకుంటారు. దీని క్వాంటమ్ రూపం అతిసూక్ష్మ కొలతల పరిశోధనకు ఆధారం.

పరిశ్రమలు: రావు 1940లలో రూపొందించిన లంబ వ్యూహాలు ప్రయోగాల సంఖ్యను బాగా తగ్గిస్తాయి. ఏడు అంశాలు, ఒక్కోదానికి రెండేసి స్థాయిలు ఉంటే అన్ని కూర్పులూ పరీక్షించడానికి 128 ప్రయోగాలు కావాలి. ఒక్కో అంశం ప్రధాన ప్రభావం తెలిస్తే చాలనుకుంటే 8 సరిపోతాయి. జపాన్‌కు చెందిన తగుచి నాణ్యతా పద్ధతులు ఈ వ్యూహాలనే వాడుకున్నాయి.

ఆర్థికశాస్త్రం: 1948లో రావు ప్రతిపాదించిన స్కోరు పరీక్షను ఆర్థికమితివేత్తలు లగ్రాంజ్ గుణక పరీక్షగా పిలుస్తారు. ఎస్.డి. సిల్వీ 1959లో వేరే దారిలో ఈ రూపానికి చేరుకున్నారు. ఆ పేరుతో జరిగే ఉల్లేఖనలు చాలావరకు రావు ఖాతాలో పడవు.

జీవావరణశాస్త్రం: రావు 1982లో ప్రతిపాదించిన వర్గ ఎంట్రపీ, ఒక సమూహం నుంచి యాదృచ్ఛికంగా తీసిన రెండు జీవుల మధ్య సగటు భేదాన్ని కొలుస్తుంది. పది రకాల గడ్డి ఉన్న నేలకూ, గడ్డి, తీగ, పొద, చెట్టు కలిసి ఉన్న నేలకూ తేడాను జాతుల లెక్క మాత్రమే చెప్పలేదు. ఈ కొలత చెబుతుంది. రెండు దశాబ్దాల తర్వాత క్రియాత్మక వైవిధ్య పరిశోధనలో ఇది విస్తృతంగా వాడుకలోకి వచ్చింది.

మానవశాస్త్రం: సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వితీసిన అస్థిపంజరాల కొలతలను రావు కేంబ్రిడ్జిలో బహుచర పద్ధతులతో విశ్లేషించారు. ఆ అధ్యయనం 1955లో పుస్తకంగా వచ్చింది.

కొలమానాల పరిమితి

హోర్హే హిర్ష్ 2005లో ప్రతిపాదించిన హెచ్-సూచిక ప్రకారం, కనీసం హెచ్ సార్లు ఉల్లేఖన పొందిన వ్యాసాలు హెచ్ ఉంటే, అలాంటి సంఖ్యల్లో అతిపెద్దదే శాస్త్రవేత్త స్కోరు. ఒక శాస్త్రశాఖకే ప్రాణం పోసిన వ్యాసం కూడా ఈ లెక్కలో ఒక్కటిగానే నిలుస్తుంది. ఉల్లేఖనల లెక్క ప్రభావాన్ని తక్కువగా చూపడానికి మరో కారణం కూడా ఉంది. ఒక ఫలితం పాఠ్యపుస్తకంలో చేరి అందరి సొత్తు అయ్యాక, మూల వ్యాసాన్ని పేర్కొనడం ఆగిపోతుంది. సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ గుర్తించిన ఈ పరిణామానికి రావు కృషి చక్కని ఉదాహరణ. ఆయన పేరు సిద్ధాంతాల పేర్లలో కలిసిపోయింది; చదివే విద్యార్థులు 1945 నాటి బులెటిన్‌ను తెరవాల్సిన అవసరం లేకపోయింది. ఒక పరిశోధకుడి విలువ తేల్చేటప్పుడు సంఖ్యలతో పాటు, ఆయన ఆలోచన ఏయే రంగాల్లో పనిముట్టుగా మారిందో కూడా చూడాలి.

గుర్తింపు

1963లో భట్నాగర్ పురస్కారం, 1967లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 2001లో పద్మవిభూషణ్ లభించాయి. అమెరికా జాతీయ విజ్ఞాన పతకం కూడా అందుకున్నారు. 1945 వ్యాసాన్ని ప్రత్యేకంగా ప్రస్తావిస్తూ, 102 ఏళ్ల వయసులో ఆయనకు 2023 అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతిని ప్రకటించారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని గణిత, గణాంక, కంప్యూటర్ శాస్త్రాల ఉన్నత అధ్యయన సంస్థకు ఆయన పేరే పెట్టారు.