జడకోపులో కొత్తవాళ్లని తీసేద్దామా?

పోయిన ఆదివారం ఉగాది కోలాటం ప్రాక్టీసులో జడ చిక్కుపడిన సంగతి వచ్చినవాళ్లందరికీ తెలుసు. పదహారు మంది, పదహారు రంగుల తాళ్లు. అల్లేటప్పుడు బాగానే ఉంది, విప్పేటప్పుడు మధ్యలో బిగుసుకుపోయింది. అరవై ఎనిమిదేళ్ల పెద్దావిడ ఒకరు తాడు వదిలేసి, "నా వల్లే పాడైంది, నన్ను తీసేయండమ్మా" అని కుర్చీలో కూర్చున్నారు. ఆ రాత్రే గ్రూపులో, "జడకోపు వచ్చినవాళ్లతోనే వేద్దాం, మిగతావాళ్లు చప్పట్లు కొడతారు" అన్న మాట కూడా వచ్చింది. దానికి జవాబు చెప్పే ముందు కాస్త వెనక్కి వెళ్దాం.

కోలాటం నిన్న మొన్నటిది కాదు. కాకతీయ గణపతిదేవుడి గజసేనాని జాయప 1253-54లో రాసిన నృత్తరత్నావళిలో దేశి నృత్యాల వరుసలో దండరాసకం ఉంది. కర్రలు పట్టుకుని గుంపుగా ఆడే ఆట అది. ఆ గ్రంథాన్ని డాక్టర్ వి. రాఘవన్ పరిష్కరిస్తే, అచ్చయింది మన మద్రాసులోనే, 1965లో. హంపి మహానవమి దిబ్బ రాళ్ల మీద కోలలు పట్టిన ఆడవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. 15వ శతాబ్దంలో విజయనగరం చూసి వెళ్లిన ఇటలీ వర్తకుడు నికోలో కాంటి ఇక్కడి పెళ్లి వేడుకల గురించి చెబుతూ, రెండేసి రంగు కర్రలు పట్టుకుని, తిరుగుతూ ఎదురైనవాళ్లతో వాటిని మార్చుకునే ఆటని ముచ్చటపడి వర్ణించాడు.

ఆ "ఎదురైనవాళ్లు" అన్న మాట దగ్గరే ఆగాలి. కోలాటంలో జతని ఉద్ది అంటారు. చిన్నప్పుడు ఆటల్లో ఉద్దులు పంచుకున్నవాళ్లకి ఈ మాట గుర్తుండే ఉంటుంది. కానీ చాలా కోపుల్లో ఉద్ది ఒకరే ఉండరు. అడుగు ముందుకు పడగానే మరొకరు వస్తారు. అమెరికాలో కాంట్రా డాన్స్ అని ఒకటుంది. అక్కడా ఒకరు నిలబడి అడుగులు కేకేసి చెబుతారు, ప్రతి విడతకీ ఎదుటి జంట మారిపోతుంది. పాట మొదలయ్యే ముందు ఒకసారి అందరినీ నెమ్మదిగా నడిపించి చూపిస్తారు. మన పంతులుగారు ఈల వేసి కోపు మార్చేదీ ఇలాంటి పనే.

ఇక జడ లెక్క. తమిళ ఇళ్లలో పిన్నల్ కోలాట్టం అనేదీ ఇదే. సగం మంది కుడివైపు, సగం మంది ఎడమవైపు తిరుగుతారు. ఒక దిక్కువాళ్లు ఎదురైన మొదటివారికి బయటినుంచి, రెండోవారికి లోపలినుంచి, మళ్లీ బయటినుంచి దాటాలి; రెండో దిక్కువాళ్లు దీనికి తిరగేసి దాటాలి. విప్పేటప్పుడు వెనక్కి తిరిగి, చివర దాటినవారిని మొదట అదే పక్కనుంచి దాటాలి. మధ్యలో ఎవరైనా రెండుసార్లు వరసగా బయటినుంచి వెళ్లారనుకోండి, ఆ తప్పు జడలోనే ఉండిపోతుంది. విప్పేటప్పుడు సరిగ్గా అక్కడికి వచ్చాక అదే తప్పు మళ్లీ చేస్తే తప్ప ముడి విడదు. ఆదివారం మనకి జరిగింది అదే. తప్పు ఎవరిదో కూడా ఖాయంగా చెప్పలేం. నిజానికి చెప్పడంలో మాదే పొరపాటు: నడిపించి చూపించకుండానే పాట పెట్టేశాం.

ఇంకో సంగతి గమనించాం. కుడివైపు తిరిగేవాళ్లకి ఎదురయ్యేది ఎప్పుడూ ఎడమవైపు తిరిగేవాళ్లే. అంటే వచ్చిన ఎనిమిది మందినీ ఒక దిక్కున, కొత్త ఎనిమిది మందినీ రెండో దిక్కున పెడితే, కొత్తవాళ్లకి ప్రతి అడుగులోనూ తెలిసినవాళ్లే ఎదురవుతారు. కళ్లతోనే "లోపలికి" అని చెప్పొచ్చు. మనం ఆదివారం చేసిందేమిటంటే, వచ్చినవాళ్లనీ రానివాళ్లనీ రెండు దిక్కులా కలగలిపేశాం. కొత్తవాళ్లకి కొత్తవాళ్లే ఎదురై, ఇద్దరూ ఆగిపోయారు.

టి. నగర్‌కి పేరిచ్చింది పిట్టి త్యాగరాయ చెట్టిగారు, పానగల్ పార్కుకి పేరిచ్చింది పానగల్ రాజావారు. ఇద్దరూ తెలుగువాళ్లే. బోర్డుల మీద పేర్లు నిలిచాయి. కానీ మన పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు. వాళ్లకి "లోపలికి, బయటికి, వెనక్కి, ఉద్ది మార్చు" అన్న మాటలు వినబడి, వెంటనే కాళ్లలోకి దిగేది ఈ ఆటలోనే. కొత్తవాళ్లని కుర్చీల్లో కూర్చోబెడితే మనకి చక్కటి జడ మిగులుతుంది, వచ్చే ఏటికి ఆడేవాళ్లు మాత్రం మిగలరు.

కాబట్టి ఎవరినీ తియ్యడం లేదు. వచ్చే ఆదివారం ఇలా చేద్దాం: మొదట తాళ్లు లేకుండా రెండుసార్లు నడక, తర్వాత తాళ్లతో పాట లేకుండా ఒకసారి, ఆ తర్వాతే పాట. నాలుగు చుట్లు మాత్రమే అల్లి, విప్పుదాం. ఎక్కడైనా తడబడితే ఈల వేస్తాం, అందరూ ఉన్నచోటే ఆగిపోవాలి. తాడు మాత్రం వదలొద్దు.

ఆ పెద్దావిడకి నిన్న ఫోన్ చేశాం. మొదట వద్దన్నారు. ఎదురుగా వచ్చేవాళ్లంతా తెలిసినవాళ్లేనని చెప్పాక, "అయితే ఆకుపచ్చ తాడు నాకుంచండి" అన్నారు. ఉంచాం.