ఎస్‌జి: సియాల్‌కోట్‌లో మొదలై మీరట్‌లో కుదురుకున్న బంతి

ఎస్‌జి అంటే సాన్స్‌పరీల్స్ గ్రీన్‌లాండ్స్. ఉత్తరప్రదేశ్‌లోని మీరట్‌లో ఆనంద్ కుటుంబం నడుపుతున్న క్రికెట్ సామగ్రి సంస్థ ఇది. మన దేశంలో జరిగే టెస్టులకూ, రంజీ మ్యాచులకూ బంతులు ఇక్కడివే. మినుము తీసేసిన చేలో మూడు పుల్లలు పాతి, టెన్నిస్ బంతితో ఆట నేర్చిన తెనాలి, బాపట్ల, రేపల్లె కుర్రాడు ఎవరైనా ఆంధ్ర జట్టు దాకా ఎదిగితే చేతికందేది ఈ ఎర్ర బంతే.

మూలాలు

బ్రిటిష్ కాలంలో సియాల్‌కోట్ పెద్ద దండు ఉన్న ఊరు. టెన్నిస్, హాకీ, క్రికెట్ లేనిదే దొరలకు పొద్దు గడిచేది కాదు. విరిగిన బ్యాటుకు బదులు ఇంగ్లండ్ నుంచి ఓడలో ఇంకొకటి రావాలంటే నెలలు ఆగాలి. అందుకని స్థానిక పనివాళ్ల చేత బాగుచేయించుకునేవారు. బాగుచేస్తూ చేస్తూ వాళ్లు కొత్తవే తయారుచేయడం నేర్చారు. 19వ శతాబ్దం ముగిసేసరికి ఆ ఊరు ఆట సామాన్లకు పేరుమోసింది.

అక్కడే 1931లో కేదార్‌నాథ్, ద్వారకానాథ్ ఆనంద్ అనే అన్నదమ్ములు సాన్స్‌పరీల్స్ పెట్టారు. ఫ్రెంచిలో ఆ మాటకు ‘సాటిలేని’ అని అర్థం. ఆ మరుసటి ఏడే భారత జట్టు లార్డ్స్‌లో తన మొదటి టెస్టు ఆడింది. కెప్టెన్ సి.కె. నాయుడు, ఆయన పూర్వీకులది మన బందరే. 1940లో ఎగుమతుల కోసం ఆనంద్‌లు గ్రీన్‌లాండ్స్ అనే రెండో సంస్థను ప్రారంభించారు.

విభజన తర్వాత

1947లో సియాల్‌కోట్ పాకిస్తాన్‌కు పోయింది. ఆనంద్‌లు ముందు ఆగ్రా చేరారు. 1950లో మీరట్‌లో మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టారు. వాళ్లలాగే ఆ పని తెలిసిన కుటుంబాలు ఎన్నో మీరట్‌కూ, జలంధర్‌కూ వలస వచ్చాయి. షెడ్లు, సరుకు అక్కడే ఉండిపోయినా తోలు కోయడం, దారం చుట్టడం, కర్ర చెక్కడం వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. సరిహద్దుకు అటు సియాల్‌కోట్ ప్రపంచానికి ఫుట్‌బాళ్లు కుట్టిపెడుతుంటే, ఇటు మీరట్ క్రికెట్ సామాన్ల బజారుగా ఎదిగింది.

1980లలో సునీల్ గవాస్కర్ ఎస్‌జి బ్యాటు పట్టాడు. ఆయన పొడి అక్షరాలూ అవే కావడం కాకతాళీయం. తర్వాత ద్రవిడ్, సెహ్వాగ్ చేతుల్లోనూ ఆ బ్యాట్లే కనిపించాయి. 1990లలో దేశంలోని టెస్టులకు ఎస్‌జి బంతి స్థిరపడింది.

బంతి తయారీ

నడిమధ్య కార్కు ముద్ద. దానిమీద ఉన్ని దారాన్ని బిగించి చుడతారు. పైన తొడిగే తోలును పటికతో పదును చేస్తారు. నాలుగు ముక్కలను రెండు చిప్పలుగా కుట్టి, వాటిని లోపలి ఉండ మీద ఎదురెదురుగా అమర్చి కలిపి కుడతారు. అదే సీమ్, మొత్తం ఆరు వరసలు. నిబంధనల ప్రకారం బంతి 155.9 గ్రాములకు తగ్గకూడదు, 163 దాటకూడదు.

ఎస్‌జి బంతికి ఆరు వరసలూ చేతికుట్టే. అందుకే సీమ్ ఎత్తుగా నిలిచి, చాలా ఓవర్ల దాకా వేళ్లకు తగులుతూ ఉంటుంది. ఆస్ట్రేలియా కూకబురాలో లోపలి రెండు వరసలే చేతికుట్టు, మిగతావి మిషన్ పని; సీమ్ త్వరగా అణిగిపోతుంది. ఆ కూకబురాదీ కుటుంబ వ్యాపారమే. గుర్రపు జీనులు కుట్టే ఆల్‌ఫ్రెడ్ థాంప్సన్ 1890లో మెల్‌బోర్న్‌లో మొదలుపెట్టాడు. మోటారు కార్లు వచ్చి జీనుల గిరాకీ పడిపోవడంతో ఆ కుటుంబం క్రికెట్, హాకీ బంతుల వైపు మళ్లింది.

విమర్శలు

చేతిపనిలో ప్రతి బంతీ ఒక్కలా రావడం కష్టం. 2018లో వెస్టిండీస్ సిరీస్ సమయంలో విరాట్ కోహ్లి ఎస్‌జి బంతి త్వరగా నలిగిపోతోందని, టెస్టులకు ఇంగ్లండ్ డ్యూక్స్ బంతే మేలని బాహాటంగానే అన్నాడు. అశ్విన్‌కూ బంతి నచ్చలేదు. సంస్థ బంతిలో మార్పులు చేసింది. 2021లో చెన్నై టెస్టు తర్వాత మళ్లీ అదే ఫిర్యాదు: ఈసారి సీమ్ చిరిగిపోతోందని.

అయినా బంతి మారలేదు. 80 ఓవర్లు కాగానే రంజీ మ్యాచులో అంపైర్ డబ్బా తెరుస్తాడు. ఆంధ్ర బౌలర్ ఏరుకునే కొత్త బంతి మీద ఇప్పటికీ ఆ రెండు అక్షరాలే ఉంటాయి.