శాటిలైట్ డిష్: కొత్త డిష్ తెస్తే కొనేదెవరు? ధర ఎంత పెట్టాలి? హాబీ మార్కెట్ లెక్కలివే!

మేడమీద పాత డీటీహెచ్ డిష్ అలాగే ఉండిపోయిందా? రీచార్జ్ మానేసి ఫోన్‌లోనో, స్మార్ట్ టీవీలోనో చూడటం మొదలుపెట్టాక చాలా ఇళ్లలో దాని పరిస్థితి ఇదే. పావురాలు వాలుతుంటాయి. లేదంటే ఏదో ఒకరోజు పాత సామాన్ల బండి ఎక్కేస్తుంది. అయితే కొంతమంది అలాంటి డిష్‌తోనే వాతావరణ ఉపగ్రహాల నుంచి మేఘాల ఫొటోలు నేరుగా తీసుకుంటున్నారు. ఇంటర్నెట్ అక్కర్లేదు, నెలవారీ బిల్లు లేదు. ఈ హాబీ కోసమే కొత్త డిష్‌లు తయారు చేసే చిన్న కంపెనీలు కూడా వచ్చాయి. మరి వాటిని ఎంతమంది కొంటారు? ఏ ధరకు కొంటారు? లెక్క తప్పితే కంపెనీ పెట్టుబడి గోడౌన్‌లో ఇరుక్కుపోతుంది. ధర ఎక్కువైతే కొందామనుకున్న స్టూడెంట్ వెనక్కి తగ్గుతాడు.

గిరాకీ ఎక్కడి నుంచి వచ్చింది?

2012కు ముందు ఇలాంటి రిసీవర్ అంటే ఖరీదైన వ్యవహారం. కంప్యూటర్‌లో టీవీ చూడటానికి అమ్మే చవక యూఎస్‌బీ డాంగిల్‌లోని రియల్‌టెక్ చిప్.. టీవీనే కాదు, చాలా రకాల రేడియో సిగ్నళ్లను కూడా పట్టగలదని ఆ ఏడాది ప్రోగ్రామర్లు బయటపెట్టారు. దాన్నే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అంటారు. ఇప్పుడు హాబీ కోసమే తయారయ్యే మెరుగైన డాంగిల్ 30-40 డాలర్ల మధ్య దొరుకుతోంది. అంటే రిసీవర్ ఖర్చు తగ్గిపోయింది. మిగిలింది యాంటెన్నానే.

మొదట్లో దానికీ పెద్దగా ఖర్చు ఉండేది కాదు. అమెరికా ఉపగ్రహాలు నోవా-15, 18, 19 పంపే 137 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌కు రెండు అల్యూమినియం కడ్డీలను 'వి' ఆకారంలో పెడితే సరిపోయేది. కొత్తగా నేర్చుకునేవాళ్లందరికీ అదే మొదటి మెట్టు. 2025 జూన్‌లో నోవా-18, ఆగస్టులో మిగతా రెండూ సేవల నుంచి తప్పుకున్నాయి. రష్యా మెటియోర్ ఉపగ్రహాలు ఇంకా ఆ బ్యాండ్‌లోనే ఫొటోలు పంపుతున్నాయి కాబట్టి కడ్డీల పని పూర్తిగా అయిపోలేదు. కానీ ఇంకా స్పష్టమైన ఫొటోలు, 24 గంటలూ ఒకేచోట ఉండే ఉపగ్రహాల ఫొటోలు కావాలంటే 1.7 గిగాహెర్ట్జ్ దగ్గరికి వెళ్లాలి. అక్కడ డిష్ తప్పనిసరి.

మూడు ముక్కల డిష్.. ఎందుకంటే?

ఈ హాబీ కోసం వచ్చిన కొత్త పరికరాల్లో బాగా వినిపించిన పేరు 'డిస్కవరీ డిష్'. క్రాకెన్‌ఆర్‌ఎఫ్ అనే కంపెనీ దీన్ని క్రౌడ్ సప్లై అనే క్రౌడ్ ఫండింగ్ వేదిక మీద అమ్మకానికి పెట్టింది. 70 సెంటీమీటర్ల అల్యూమినియం డిష్. సిగ్నల్‌ను పట్టే ఫీడ్ మధ్యలో ఉంటుంది. సిగ్నల్‌ను పెంచే యాంప్లిఫయర్, ఫిల్టర్ ఆ ఫీడ్‌లోనే ఉంటాయి. వాతావరణ ఉపగ్రహాలకు ఒక ఫీడ్, ఇన్‌మార్‌శాట్‌కు ఇంకోటి, పాలపుంతలోని హైడ్రోజన్ సిగ్నల్ వినడానికి మరోటి.. మార్చుకోవచ్చు.

ఇందులో అసలు తెలివంతా డిష్ మూడు రేకులుగా విడిపోవడంలో ఉంది. కొరియర్ కంపెనీలు బరువు ఒక్కటే చూడవు. అట్టపెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, సాధారణంగా 5,000తో భాగిస్తాయి. వచ్చిన సంఖ్యను కిలోలుగా లెక్కేసి, అసలు బరువు కంటే అది ఎక్కువైతే దానికే చార్జీ కట్టించుకుంటాయి. ఉదాహరణకు ఒకే ముక్కగా ఉన్న డిష్‌ను 75×75×20 సెంటీమీటర్ల పెట్టెలో పంపారనుకుందాం. లోపలున్న సరుకు రెండు, మూడు కిలోలే అయినా లెక్కలో 22.5 కిలోలు! అదే మూడు రేకులను ఒకదానిపై ఒకటి పేర్చి 62×37×12 పెట్టెలో పెడితే దాదాపు 5.5 కిలోలే. డిష్ కంటే దాన్ని ఇంటికి చేర్చే ఖర్చే ఎక్కువయ్యే వ్యాపారం ఇది. ధర గురించి ఆలోచించేవాళ్లు ముందు చూడాల్సింది అట్టపెట్టె సైజు.

'నేను కొంటా' అంటే నమ్మొచ్చా?

హాబీ వాళ్లతో ఒక చిక్కుంది. కొత్త పరికరం గురించి చెబితే సూపర్ అంటారు, వస్తే చెప్పమని ఈ-మెయిల్ కూడా ఇస్తారు. డబ్బు కట్టే రోజున మాత్రం అందరూ కనిపించరు. వాళ్లది తప్పని కాదు, చాలామందికి తమ చేతులతో తయారు చేసుకోవడంలోనే అసలు మజా.

అందుకే ఎంత ఇస్తారని సూటిగా అడిగితే సరైన జవాబు రాదు. 1976లో డచ్ ఆర్థికవేత్త పీటర్ వాన్ వెస్టెండార్ప్ దీనికో పద్ధతి చెప్పారు. నాలుగు ప్రశ్నలు అడగాలి. ఏ ధరకు ఇస్తే నాణ్యత మీద డౌట్ వస్తుంది? ఏ ధరైతే మంచి బేరం? ఎక్కడ ఖరీదనిపిస్తుంది, అయినా ఆలోచిస్తారు? ఎక్కడ ఇక వద్దే వద్దంటారు? జవాబులను గ్రాఫ్ గీస్తే, ధర ఎంతలోపు ఉండాలో ఒక అంచనా దొరుకుతుంది. అయినా అది అంచనానే, జేబులోంచి తీసిన డబ్బు కాదు.

ఆ లోటు తీర్చేది క్రౌడ్ ఫండింగ్. ముందు ఆర్డర్, ముందు డబ్బు, తర్వాత తయారీ. కిక్‌స్టార్టర్‌లో అయితే లక్ష్యం చేరకపోతే ఎవరి దగ్గరా డబ్బు తీసుకోరు. చేరితే 5 శాతం ఫీజు, దానిపైన పేమెంట్ చార్జీలు ఉంటాయి. డిస్కవరీ డిష్ కంపెనీకి ఈ దారి కొత్తేమీ కాదు. దాని పాత రేడియో పరికరం కెర్బరోస్‌ఎస్‌డీఆర్ 2018లో ఇండీగోగోలో, తర్వాతి క్రాకెన్‌ఎస్‌డీఆర్ క్రౌడ్ సప్లైలో వచ్చినవే. కాబట్టి కొనే అలవాటున్న జనం ఎక్కడున్నారో ముందే తెలుసు.

ఎన్ని పీసులన్నది ఎందుకంత ముఖ్యం? డిష్ రేకు ఒత్తడానికి అచ్చు కావాలి. దానికి 10 లక్షలు అయిందనుకుందాం. 200 డిష్‌లు అమ్మితే ఒక్కోదానిపై అచ్చు ఖర్చే 5,000 రూపాయలు. 2,000 అమ్మితే 500. అదే డిష్, అదే రేకు! విడిభాగాల ఖర్చుకు రెండున్నర నుంచి నాలుగు రెట్లు అమ్మకం ధర ఉండాలని హార్డ్‌వేర్ వ్యాపారంలో చెప్పుకునే మాట. వారంటీ, పాడైనవి, డీలర్ కమీషన్ అన్నీ అందులోంచే పోవాలి. బయటి నుంచి చూసేవాళ్లకు దోపిడీలా కనిపించినా, చిన్న కంపెనీకి మిగిలేది తక్కువే.

అసలు పోటీ పాత డిష్‌తోనే

కొత్త డిష్ ధరకు పైన గీత గీసేది మరో కంపెనీ కాదు, మేడమీదున్న పాత డిష్. మన దేశంలో పే డీటీహెచ్ చందాదారులు కొన్నేళ్లుగా తగ్గుతున్నారని ట్రాయ్ లెక్కలే చెబుతున్నాయి. అంటే ఖాళీ డిష్‌లకు కొదవ లేదు. ప్రసార భారతి నడిపే డీడీ ఫ్రీ డిష్ పుణ్యమా అని కొత్త చిన్న డిష్‌లూ ఊరూరా దొరుకుతాయి.

అయితే పాత డిష్ తెచ్చి డాంగిల్‌కు తగిలిస్తే పని అయిపోదు. టీవీ ఎల్‌ఎన్‌బీ 10 గిగాహెర్ట్జ్ పైనుండే సిగ్నళ్ల కోసం చేసింది, 1.7 దగ్గర పనికిరాదు. దాన్ని తీసేసి వేరే ఫీడ్, యాంప్లిఫయర్ పెట్టాలి. డీటీహెచ్ డిష్ ఆఫ్‌సెట్ రకం కాబట్టి, మధ్యలో పెట్టే ఫీడ్ దీనికి అచ్చంగా సరిపోదు, కొంత సిగ్నల్ పోతుంది. సైజు కూడా లెక్కే. 60 సెంటీమీటర్ల డిష్ కంటే 90 సెంటీమీటర్ల డిష్ 2.25 రెట్లు ఎక్కువ సిగ్నల్ పడుతుంది. ఇంకో జాగ్రత్త.. డాంగిల్ నుంచి యాంప్లిఫయర్‌కు వెళ్లేది 4.5 వోల్టులే. సెట్‌టాప్ బాక్స్ 13 లేదా 18 వోల్టులు పంపుతుంది. పొరపాటున యాంప్లిఫయర్‌ను దానికి కలిపితే కాలిపోయే ప్రమాదం ఉంది.

తెలుగు రాష్ట్రాల్లో కొనేవాళ్లు చూడాల్సినవి

విదేశీ డిష్‌ల ప్రచారంలో ఎక్కువగా కనిపించే గోస్ ఉపగ్రహాలు అమెరికా మీద ఉంటాయి. మన దగ్గర కనిపించవు. మనకు అందేది 128.2 డిగ్రీల తూర్పున ఉన్న కొరియా ఉపగ్రహం జీకే-2ఏ. హైదరాబాద్ నుంచి చూస్తే తూర్పు దిక్కున దాదాపు 30 డిగ్రీల ఎత్తులో, విశాఖలో 35 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. తూర్పు వైపు పక్కింటి అపార్ట్‌మెంట్ అడ్డుంటే ఎంత ఖరీదైన డిష్ కొన్నా దండగే. 10 నిమిషాలకో ఫొటో వస్తుంది, అందులో బంగాళాఖాతం ఎడమ అంచువైపు కాస్త ఏటవాలుగా కనిపిస్తుంది. తుఫాను సీజన్‌లో సరదాగా చూడొచ్చు గానీ, హెచ్చరికలకు మాత్రం వాతావరణ శాఖ బులెటిన్‌నే నమ్ముకోవాలి.

డీకోడ్ చేసే శాట్‌డంప్ సాఫ్ట్‌వేర్ ఉచితం. డాలర్ ధరకు షిప్పింగ్, కస్టమ్స్ డ్యూటీ, జీఎస్‌టీ కలిపాకే అసలు రేటు తేలుతుంది. డిష్ పాతదే వాడి యాంప్లిఫయర్ ఒక్కటే తెప్పించుకుంటే పెట్టె అరచేతిలో పడుతుంది, కొరియర్ చార్జీ కూడా అంతే తగ్గుతుంది. ఇంజనీరింగ్ కాలేజీ క్లబ్‌లు, హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ చుట్టూ ఉన్న హామ్ ఆపరేటర్లు.. కొత్త డిష్ అమ్మాలనుకునేవాళ్లు ఇక్కడ ముందు వెళ్లి అడగాల్సింది వీళ్లనే. పూర్తి కిట్ ధర ఒకటి, ఫీడ్ విడిగా ఇస్తే ధర ఇంకొకటి చెప్పి.. రెండింటికీ అడ్వాన్స్ అడిగితే ఎవరు ఎటువైపో తేలిపోతుంది.